ఎర్రగుంట్ల పేరయ్య: వెట్టి మానేసిన పొరుగువాడు

ముత్తుకూరు సెంటరు దాటి కృష్ణపట్నం రోడ్డెక్కితే ఒకపక్క రొయ్యల గుంటలు, ఇంకోపక్క పోర్టుకు పోయే లారీల వరస. ఆ రోడ్డుకు లోపలగా ఉన్న ఒక దళితవాడలో ఒక ఆదివారం సాయంత్రం ప్రార్థన కూటానికి వెళ్లాం. వెళ్లింది మా పరిశోధన పని మీద. ఆ వాడకు శ్మశానం ఉంది గానీ దానికి దారి లేదు. పూర్వం దారి ఉన్నచోట ఇప్పుడు గుంట కట్ట ఉంది. మనిషి చనిపోయిన ప్రతిసారీ ఆ కట్ట మీదుగా పోనివ్వమని గుంట ఆసామిని అడగాలి. ఆయన కాదనడు. అడగక తప్పకపోవడమే అక్కడి తగువు.

ఆ సాయంత్రం వాక్యం మంచి సమరయుడి మీద. పాస్టరుగారు బాగానే చెప్పారు. మనల్ని కష్టపెట్టే పొరుగువాణ్ణి కూడా ప్రేమించాలన్నారు. కూటం ముగిశాక డిగ్రీ చదివే ఒక అమ్మాయి లేచింది. గుంట ఆసామి మనకు పొరుగువాడే, సరే, ఆయన లెక్కలో మనం ఆయనకు పొరుగువాళ్లమేనా అని అడిగింది. పాస్టరుగారు కాసేపు ఆలోచించి, అది ప్రార్థనలో పెట్టాల్సిన విషయమన్నారు. తర్వాత అందరికీ టీ ఇచ్చారు.

ఆ అమ్మాయికి చెప్పడానికి మా దగ్గర కూడా సిద్ధంగా జవాబేమీ లేదు. కానీ తిరిగి వస్తూ మేం మాట్లాడుకున్నదంతా ఒక మనిషి గురించే. ఆమె అడిగిన ప్రశ్ననే ఇదే జిల్లాలో దాదాపు నూటయాభై ఏళ్ల కిందట తన బతుకుతో అడిగిన మాదిగ ఆయన, ఎర్రగుంట్ల పేరయ్య. తెలుగు బాప్టిస్టు సంఘాల్లో ఆయన పేరు వినని పెద్దలు తక్కువ. దళిత ఉద్యమ చరిత్రలో మాత్రం ఆయనకు దక్కాల్సిన చోటు దక్కలేదని మా అభిప్రాయం. మిషనరీ కథల్లో తొలి విశ్వాసిగా మిగిలిపోయాడు. ఆయన చేసిన పని అంతకంటే పెద్దది.

ఇదే జిల్లా అన్నందుకు ఒంగోలు వాళ్లు అభ్యంతరం చెప్పొచ్చు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. కనిగిరి, పొదిలి ప్రాంతాలైతే 1970 దాకా నెల్లూరులోనే ఉన్నాయి. పేరయ్య ఊరు తాళ్లకొండపాడు ఒంగోలుకు పడమరగా సుమారు 40 మైళ్ల దూరం. మెట్ట దేశం. వాన పడితే జొన్న, పడకపోతే వలస.

ఆ కాలపు మెట్ట గ్రామంలో మాదిగ ఇల్లంటే ఏమిటో చెప్పుకోకపోతే పేరయ్య చేసిన పని బరువు అర్థం కాదు. ఒక్కో మాదిగ కుటుంబం ఒక్కో రైతు ఇంటికి తరతరాలుగా కట్టుబడి ఉండేది. ఆసామికి చెప్పులు కుట్టాలి, ఎద్దులకు తోలు పట్టెడలు, వారులు చెయ్యాలి, కపిల తోలడానికి బావి మీద తోలు బాన బాగుచెయ్యాలి. గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాలి. జాతరలో, పెళ్లిలో, చావులో డప్పు కొట్టాలి. కచేరీ నుంచి ఎవరైనా అధికారి వస్తే మూటలు మొయ్యాలి. దానికి బదులు పంట రోజుల్లో కళ్లంలో మేర కొలిచేవారు. ఎన్ని కుంచాలు కొలవాలో ఆసామి మర్జీ. చచ్చిన గొడ్డు మాంసం కూడా ఆ మేరలో భాగమే. ఊరికి ఇంత చేసే మనుషులు ఊళ్లో ఉండరు. వాళ్ల పల్లె ఊరికి దూరంగా, గాలి ఊరి మీదుగా పోని దిక్కున ఉంటుంది.

తెలుగులో ఇరుగుపొరుగు అంటాం. గోడకు గోడ తగిలి ఉండడం, చేబదులు ఉప్పు తెచ్చుకోవడం, పొయ్యిలో నిప్పు అడగడం ఆ మాటలో ఉన్నాయి. ఊరికీ మాదిగపల్లెకూ మధ్య వీటిలో ఒక్కటీ లేదు. ఆసామికి పేరయ్య పనివాడు, తనకు చెందినవాడు. పొరుగువాడు మాత్రం కాదు. కాబట్టి పొరుగువాణ్ణి ప్రేమించమని చెప్పే పుస్తకం ఈ ఊళ్లలోకి వచ్చినప్పుడు అది ముందుగా అడిగింది ఊరి పటంలోనే లేని ఒక సంబంధాన్ని.

పేరయ్య మామూలు మాదిగ కంటే కాస్త ఎక్కువ లోకం చూసినవాడు. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు వైపు పోయి వచ్చేవాడు. తోళ్ల వ్యాపారికి ఉండే లాభం డబ్బొక్కటే కాదు. ఏ కరణానికీ చెప్పకుండా నాలుగు జిల్లాల మాట వినొచ్చు. పేరయ్యకు ఆ ప్రయాణాలకంటే ముందే ఇంకో ప్రయాణం మొదలైంది. బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం ఉపదేశం పొందాడు. స్త్రీ గురువు, మాదిగ శిష్యుడు, రాజయోగం. ఈ మూడూ ఒకచోట చేరడం ఈనాటి చదువరికి వింతగా ఉండొచ్చు గానీ ఆ నేల మీద అది వింత కాదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య కథ పల్లెపల్లెకూ తెలుసు. గుడిలోకి రానివ్వని కులాలు దేవుణ్ణి దేహంలో వెతుక్కున్నాయి. విగ్రహం అక్కర్లేని, పూజారి అక్కర్లేని ఒకే దైవం మాట పేరయ్య మిషనరీల దగ్గర మొదటిసారి వినలేదు. ఈ సంగతిని మేం నొక్కి చెప్పడానికి కారణం ఉంది. దళితులకు క్రైస్తవం బయటి నుంచి వచ్చి పడిందని, వాళ్లకు అప్పటిదాకా ఆలోచనే లేనట్టు రాసే రాతలు రెండు వైపులా ఉన్నాయి.

ఏలూరులో చర్చి మిషన్ సొసైటీ మిషనరీ అలెగ్జాండర్ దగ్గర ఆయన క్రీస్తు గురించి విన్నాడు. ఒంగోలుకు కూడా ఒక మిషనరీ రాబోతున్నాడన్న సంగతి అక్కడే తెలిసింది. నెల్లూరు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు అప్పటికి చెప్పుకోదగ్గ ఫలితమేమీ లేదు. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పావు శతాబ్దం గడిచినా సంఘంలో వేళ్ల మీద లెక్కపెట్టే మనుషులే. మిషన్ మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. మిషనరీలు బజారులో, గుడి ముందు పైకులాల వాళ్లతో వాదిస్తూ ఉండిపోయారు. వాళ్లు వెతుకుతున్న మనిషి అటువైపు నుంచి కాదు, చెప్పులు కుట్టే పల్లె నుంచి తానే నడిచి వచ్చాడు. 1866లో లైమన్ జువెట్ ఒంగోలుకు వచ్చినప్పుడు పేరయ్య వెళ్లి కలిశాడు. ఆ ఏడాది మార్చిలో పేరయ్యకూ ఆయన భార్య నాగమ్మకూ జువెట్ బాప్తిస్మమిచ్చాడు.

ఇంటికి తిరిగి వచ్చాక పేరయ్య ఊరుకోలేదు. బంధువుల పల్లెలకు, వ్యాపారంలో తెలిసిన పల్లెలకు తిరిగి మాట చెప్పాడు. మాదిగలకు బంధుత్వమే పత్రిక, బంధుత్వమే తపాలా. ఒక పల్లెలో మాట పడితే పెళ్లి సంబంధాలున్న పది పల్లెలకు పోతుంది. ఆ ఏడాది సెప్టెంబరులో జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడింది, ఎనిమిది మంది సభ్యులతో. అదే నెలలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెల వాళ్లు బట్టలు, కూడు మూటగట్టుకుని, కొన్నాళ్లు ఉండడానికే సిద్ధపడి వచ్చారు. కొద్ది రోజులు కూర్చుని విన్న తర్వాత 28 మందికి బాప్తిస్మం జరిగింది. పాతికేళ్లలో నెల్లూరు మిషన్ చెయ్యలేనిది ఒక తోళ్ల వ్యాపారి కొన్ని నెలల్లో చేశాడు.

క్లౌ వాళ్లకు పెట్టిన నియమాలు పెద్ద సిద్ధాంతాలేమీ కావు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. ఇంతే. పైకి చూస్తే భక్తి నియమాల్లా ఉన్నాయి. మాదిగపల్లెలో ఇవి అమలయ్యేసరికి ఊరి వ్యవస్థ మూడు చోట్ల తెగింది. ఆదివారం కపిల తోలడానికి మనిషి రాలేదు. చచ్చిన గొడ్డు మాంసం తినకపోతే మేరలో ఒక భాగాన్ని వద్దనడమే. విగ్రహానికి మొక్కనివాడు జాతరలో డప్పు కొట్టడు. డప్పు లేకుండా జాతర సాగదు.

ఊరి పెద్దలకు కోపం రావడానికి వేదాంతం కారణం కాదు. తమ మాదిగలు ఎవరిని పూజించుకుంటే వాళ్లకేం? అప్పటిదాకా అడగకుండానే జరిగే పనికి ఒక మనిషి రానని చెప్పడమే వాళ్లు భరించలేకపోయింది. కరణం, మునసబు కలిసి కట్టడి చేశారు. కోమటి కొట్లో ఉప్పు, చింతపండు ఇవ్వలేదు. చాకలి బట్ట ముట్టలేదు, కుమ్మరి కుండ అమ్మలేదు. కళ్లంలో మేర ఆగింది. దొంగతనం కేసులు పుట్టుకొచ్చాయి. సాంఘిక బహిష్కరణ అని ఇవాళ మనం చట్టంలో రాసుకున్న నేరానికి అప్పుడు పేరు లేదు. ఊరి కట్టుబాటు అనేవారు.

సరిగ్గా ఇక్కడే ముత్తుకూరు అమ్మాయి ప్రశ్న నిలబడుతుంది. మేర ఆపిన ఆసామిని ప్రేమించడం అంటే పేరయ్య మనుషులకు ఏమిటి?

బతిమాలుకుని మళ్లీ డప్పు భుజాన వేసుకోవడం ఒక దారి. గడ్డివాముకు నిప్పు పెట్టడం ఇంకో దారి. ఊరు విడిచి వలసపోవడం మూడోది. మెట్ట దేశపు మాదిగలకు ఈ మూడూ తెలిసినవే. పేరయ్య తరం వీటిలో దేన్నీ తమ దారిగా చేసుకోలేదు. వాళ్లు ఊళ్లోనే ఉన్నారు, కూలికి పోయారు, చెప్పులు కుట్టారు, సోమవారం నుంచి శనివారం దాకా అదే ఆసామి పొలంలో దిగారు. మానింది వెట్టిని మాత్రమే. ఆసామితో తెగతెంపులు చేసుకోలేదు. ఆసామి చేతిలో ఉన్న తాడును మాత్రం వదిలించుకున్నారు. క్లౌ వాళ్లకు ఓర్పు చెప్పాడు. దొరల కచేరీలో తన మాటకు విలువ ఉన్నచోట నోరు కూడా విప్పాడు. తెల్లదొర వెనక ఉన్నాడన్న ధైర్యం వాళ్లకు కొంత పనిచేసి ఉంటుంది. దాన్ని దాచాల్సిన పనేమీ లేదు. కానీ 40 మైళ్ల దూరంలో ఉన్న దొర కొట్లో ఉప్పు ఇప్పించలేడు. రాత్రిపూట ఆకలి పల్లెదే.

మన సంఘాల్లో ప్రేమ మీద ప్రసంగాలు తరచూ సమరయుడి కథ దగ్గర మొదలై అక్కడే ఆగుతాయి. ఆ కథను మేం విన్న ప్రతిచోటా దళితుడు దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడి స్థానంలో ఉంటాడు. లూకా రాసిన కథలో అలా లేదు. యూదులు అంటరానివాళ్లుగా చూసినవాడు సమరయుడు. గాయాలు కట్టినవాడు, గాడిద మీద ఎక్కించుకున్నవాడు, సత్రంలో డబ్బు కట్టినవాడు అతనే. పొరుగువాడు ఎవరని అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడి నోటితోనే ఆ సంగతి ఒప్పిస్తాడు యేసు. అంటే ఆ కథలో పొరుగుతనాన్ని ఇచ్చే చెయ్యి కింది కులానిది, పుచ్చుకోవాల్సింది పై కులం. పేరయ్య కథ చదివాక ఆ కథను మేం ఇంకోలా చదవలేకపోతున్నాం.

అసలు పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించమన్న ఆజ్ఞ యేసు కొత్తగా చెప్పింది కాదు. లేవీయకాండం 19వ అధ్యాయంలోనిది. దాని ముందు వచనాలు మాత్రం ప్రసంగాల్లో అరుదుగా వినిపిస్తాయి. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దన్న మాట అదే అధ్యాయంలో ఉంది. ప్రేమించమన్న వచనానికి సరిగ్గా ముందు, మనసులో పగ పెట్టుకోకుండా పొరుగువాడి తప్పును వాడి ముఖం మీదే చెప్పాలని, చెప్పకపోతే ఆ పాపంలో నీకూ భాగం వస్తుందని ఉంది. తప్పు చెప్పడం, ప్రేమించడం అక్కడ పక్కపక్క వచనాలు. డప్పు కొట్టనని చెప్పిన మాదిగ ఆ రెండు వచనాలనూ ఒకేసారి పాటించాడు. ఇంకో సంగతి కూడా ఉంది. నీలాగే అన్నప్పుడు, ముందు నీకంటూ నువ్వు ఉండాలి. తరతరాలుగా ఇంకొకరి సొత్తుగా బతికిన మనిషి తనను తాను ప్రేమించుకోవడం నేర్చుకోకుండా ఆ ఆజ్ఞ మొదటి మెట్టు కూడా ఎక్కలేడు.

క్లౌకు కూడా ఇలాంటి పరీక్షే ఎదురైంది. ఒంగోలులో అతని బడికి బ్రాహ్మణ పిల్లలు వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమని, చేర్చుకోకపోతే పైకులాల వాళ్లు క్రైస్తవంలోకి రావచ్చని కబుర్లు వచ్చాయి. అమెరికా నుంచి వచ్చిన ఏ మిషనరీకైనా అది చిన్న ఆశ కాదు. అప్పుడు క్లౌ, అతని భార్య హ్యారియెట్ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం, లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడన్న భాగం కనిపించిందని ఒంగోలు సంఘాల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. అద్భుతం సంగతి ఎలా ఉన్నా నిర్ణయం మాత్రం చరిత్ర. పైకులాల పిల్లలు బడి మానేశారు. మాదిగలు వచ్చారు. మా దృష్టిలో ఆ నిర్ణయాన్ని క్లౌ చేత చేయించింది పేరయ్యే. 28 మంది అప్పటికే వచ్చి నిలబడ్డారు. వాళ్లను కాదని ఇంకొకరి కోసం ఎదురుచూడడం ఇక కుదిరే పని కాదు.

పదేళ్లు గడిచేసరికి 1876-78 కరువు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోయారు. మెట్ట దేశంలో ఆసామికే గింజలు లేనప్పుడు మేర ఎక్కడిది? క్రైస్తవ మాదిగ, క్రైస్తవుడు కాని మాదిగ అన్న తేడా లేకుండా పల్లెలు ఖాళీ అయ్యాయి. అప్పుడు ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలవ తవ్వకం చేపట్టింది. మిషనరీ కాకముందు క్లౌ అమెరికాలో భూమి సర్వేయరు. కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని రాజుపాలెం దగ్గర శిబిరం వేశాడు. మాదిగ బోధకులే పనికి మేస్త్రీలు. పగలు మట్టి లెక్క, సాయంత్రం వాక్యం. భారం మోసి అలిసిపోయిన వాళ్లను తన దగ్గరకు రమ్మన్న యేసు మాటను మట్టి తట్టలు మోసేవాళ్ల మధ్య కూర్చుని చెప్పారు. ఆ కాలవ ఇంకో కొస ఇటు కృష్ణపట్నం పక్కగా మద్రాసు దాకా పోతుంది. ముత్తుకూరు పిల్లలు ఇవాళ దాన్ని పాత కాలవ అనుకుని దాటిపోతుంటారు. దాని అడుగున మాదిగ చెమట ఉందని వాళ్ల పాఠ్యపుస్తకాల్లో లేదు.

కరువు పని నడిచినంతకాలం, ఏడాదికి పైగా, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని. పని అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం ఆగలేదు. 1878 జూలైలో ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర గుమిగూడారు. జూలై 3 ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ముందు రోజు, మర్నాడు కలుపుకుంటే మూడు రోజుల్లో 3,536 మంది. నీళ్లలో నిలబడి ఇచ్చింది క్లౌ కాదు, దేశీయ బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ.

ఇంత జరిగినా కూటి కోసం వచ్చిన క్రైస్తవులన్న నింద పోలేదు, ఇవాళ్టికీ పోలేదు. ఆకలితో ఉన్నవాడు అన్నం పెట్టినవాడి మాట వింటే దాన్ని అవమానంగా చెప్పేవాళ్లు, అన్నం పెట్టనివాడి మాట తరతరాలుగా ఎందుకు వినాల్సి వచ్చిందో చెప్పరు. పైగా ఇక్కడ ఎవరూ ఊరికే పెట్టలేదు. కాలవ తవ్వి కూలి తీసుకున్నారు.

పేరయ్య తరాన్ని మేం ఆరాధించడం లేదు. చచ్చిన గొడ్డు మాంసం మానమన్న నియమం వెనక ఆత్మగౌరవంతో పాటు పైకులాల కంటితో తమ తిండిని చూసుకునే సిగ్గు కూడా ఉంది. ఆ సిగ్గు నుంచి మనం ఇంకా బయటపడలేదు. డప్పు విషయంలో ఇంకా చిక్కుంది. ఊరి జాతరలో జీతం లేని చాకిరిగా కొట్టే డప్పును దించడం ఆనాడు విడుదల. దాంతోపాటు వందల ఏళ్ల వాద్య విద్య కూడా కొన్ని సంఘాల్లో పాపమని ముద్రపడి అటకెక్కింది. 1994 జూలై 7న అదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు అదే డప్పు హక్కుల జెండాగా లేచింది. ముత్తాతలు దించిన డప్పును మునిమనవళ్లు ఎత్తుకున్నారు. రెండూ ఒకే పని అని మేమంటే కొందరు పాస్టర్లు, కొందరు ఉద్యమ మిత్రులు కూడా ఒప్పుకోలేదు. డప్పు ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు కొట్టకూడదో చెప్పే అధికారం రెండుసార్లూ కొట్టేవాడిదే అయింది.

పొరుగు కష్టం ఊరితోనే ముగియలేదు. మాదిగలు చేరిన సంఘంలోకి రావడానికి అప్పట్లో మాలలు వెనకాడారు. మాలలు ముందుగా చేరిన ప్రాంతాల్లో మాదిగలకూ అదే అనుభవం. ఊరు మనకు చేసిందే మనం ఒకరికొకరం చేసుకున్నాం. ఒకే ఊళ్లో రెండు చర్చీలు, రెండు శ్మశానాలు ఉన్న సంగతి చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కష్టమైన పొరుగువాడంటే ఆసామి ఒక్కడే గుర్తొచ్చే ప్రసంగం కూడా మాకు అనుమానమే.

పేరయ్య కథ మనదాకా వచ్చిన తీరు కూడా చెప్పాలి. దాన్ని రాసింది క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. 1899లో ఇంగ్లీషులో అచ్చయిన పుస్తకం, మాదిగల గురువులు, కథలు, కొలుపులతో పాటు పేరయ్యనూ అందులో ఎక్కించింది. స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆమె బెర్న్‌లో డాక్టరేటు చేసింది. సామాజిక సువార్త ఉద్యమానికి పేరు తెచ్చిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడు. అలాంటి మనిషి రాసినా నాగమ్మ ఆ కథలో భర్త పక్కన నీడగానే మిగిలింది. ఒకే రోజు ఒకే నీళ్లలో మునిగిన ఇద్దరిలో ఒకరు మూలపురుషుడయ్యారు, ఇంకొకరు ఆయన భార్య అయ్యారు. మేర ఆగిన రోజుల్లో పొయ్యి మీద ఏం పెట్టాలో చూసుకున్నది పల్లెలో ఆడవాళ్లే. వెట్టి మానేసిన నిర్ణయం బరువు ముందుగా పడింది వాళ్ల మీదే.

పేరయ్య తిరిగిన జిల్లాలోనే 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తగువు మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. మాదిగలు తాగే నీళ్లలో గేదెల కుడితి కడగొద్దన్న మాట మీద. ఎదురుతిరిగి బిందె ఎత్తిన యువతి పేరు సువార్త. ఆ పేరు పెట్టిన ఇల్లు ఏ పరంపర నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ముఖం మీద తప్పు చెప్పిన పొరుగువాడికి ఊరు ఏమిస్తుందో కారంచేడు చెప్పింది. రాజ్యం వైపు నుంచి కూడా ఇరుకే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం కాడు. ఊరు మాత్రం ఆ ఉత్తర్వును చదవలేదు. బాప్తిస్మం తర్వాత కూడా పల్లె అదే దిక్కున ఉంది.

ఈ కథంతా మేం రెండోసారి ముత్తుకూరు వెళ్లినప్పుడు ఆ అమ్మాయికి, ఇంకో పదిమందికి చెప్పాం. పేరయ్య పేరు పాస్టరుగారికి తెలుసు, డప్పు సంగతి తెలియదన్నారు. వాడలో అప్పటికే ఒక నిర్ణయం జరిగింది. ఈసారి చావు వస్తే కట్ట మీదుగా పోనివ్వమని ఎవరూ అడగకూడదు. పాత సర్వే పటంలో ఉన్న దారిని చూపించి కొలత వేయించమని సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టాలి. అర్జీ పెట్టే ముందు రోజు ఇద్దరు పెద్దలు, ఆ అమ్మాయి గుంట ఆసామి ఇంటికి వెళ్లారు. వెనకనుంచి చేశామనుకోవద్దు, దారి మాది కాబట్టి రాసిస్తున్నాం, మీ మీద పగతో కాదు అని చెప్పి, అర్జీ నకలు ఒకటి ఆయన చేతికే ఇచ్చారు. ఆయన దాన్ని చదివి అరుగు మీద పెట్టాడట. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. సర్వే తేదీ కోసం వాడ ఎదురుచూస్తోంది.